తార కట్టిన చీర మనకు నప్పుతుందా?

పాఠకుల ప్రశ్నలు - సమాధానాలు

పెళ్లిళ్ల ముహూర్తాలు దగ్గరపడుతున్నందువల్లనేమో, ఈసారి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: సినీతారలూ పేరున్న డిజైనర్లూ చూపించే బట్టల నుంచి మనం ఏం తీసుకోవచ్చు, ఏది వదిలెయ్యాలి అని. వాటిలో ఆరింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఫోన్‌లో తారల ఫొటోలు వందల కొద్దీ దాచుకున్నాను. వాటిని చూసి కొన్న బట్టలను మాత్రం ఒకసారి వేసుకున్నాక మళ్లీ వేసుకోబుద్ధి కావడం లేదు. నాకంటూ ఒక పద్ధతి ఎలా ఏర్పడుతుంది?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు దాచుకున్న ప్రతి ఫొటో వెనక చాలామంది పని ఉంటుంది. ఒక తార ఏదైనా వేడుకకు వస్తోందంటే, ఆమె స్టైలిస్టు ముందుగానే డిజైనర్ల దగ్గర నుంచి నాలుగైదు జతలు తెప్పించి, ఒకటి ఎంపిక చేసి, ఒంటికి అతికినట్టు ఉండేలా అప్పటికప్పుడు కుట్లు వేయించి, చీరైతే కుచ్చిళ్లను ముందే ఇస్త్రీ చేయించి, కంటికి కనబడని చోటల్లా పిన్నులు పెట్టి పంపిస్తారు. వేడుక ముగిశాక ఆ బట్టలలో చాలా భాగం తిరిగి డిజైనర్ దగ్గరికే వెళ్లిపోతాయి. ఒక సాయంత్రం కాసేపు కెమెరాల ముందు నిలబడడానికి తయారైన బట్టను మీరు పొద్దున్నే మెట్రో ఎక్కి, రోజంతా ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని, రాత్రికి అదే రద్దీలో ఇంటికి చేరే దినచర్యలోకి తెచ్చుకుంటున్నారు. మళ్లీ వేసుకోబుద్ధి కాకపోవడంలో మీ తప్పూ లేదు, మీ ఒంటి తప్పు అసలే లేదు.

అలాగని ఆ ఫొటోలన్నీ తీసెయ్యమని నేను చెప్పను. మీ కన్ను దేనివైపు మొగ్గుతోందో వాటిలోనే ఉంది. బాగా నచ్చినవి ఒక ఇరవై ఏరి, ఒక్కొక్కదానిలో ముఖం మీద బొటనవేలు అడ్డం పెట్టి చూడండి. ముఖం కనబడకపోయేసరికి కొన్నింటి మీద మోజు అక్కడికక్కడే తగ్గిపోతుంది; వాటిలో మీకు నచ్చింది ఆ మనిషి, ఆ నవ్వు, ఆ వెలుతురు. ముఖం మూసినా ఇంకా నచ్చుతున్నవాటిని దగ్గరగా పరిశీలించి, నచ్చిందేమిటో కాగితం మీద రాయండి. 'చాలా గ్రాండ్‌గా ఉంది' అని రాస్తే ఎందుకూ పనికిరాదు. మెడ ఎంత పైదాకా ఉంది, చెయ్యి మోచేతి దగ్గర ఆగిందా మణికట్టు దాకా వచ్చిందా, బట్ట ఒంటి మీద నుంచి జారుతోందా లేక గంజి పెట్టినట్టు నిలబడి ఉందా, పైనుంచి కిందిదాకా ఒకే రంగు ఉందా లేక పైదొకటి కిందదొకటా, అంచు వెడల్పెంత, పైట ఒంటిపొరగా వదిలారా మడతలు పెట్టి పిన్ను గుచ్చారా - ఇలా కుట్టేవాళ్లకు చెప్పగలిగినంత వివరంగా రాయాలి. అలా రాస్తూ పోతే ఒకే మాట మళ్లీ మళ్లీ వస్తున్నట్టు మీకే తెలుస్తుంది. ఆ మాటే మీ అభిరుచి.

తరువాత మీ బీరువా తెరిచి, ఎవరూ చెప్పకుండానే మీరు పదే పదే తీసి వేసుకునే మూడు నాలుగు జతలను బయట పెట్టి, వాటికీ ఇలాగే రాయండి. రెండు కాగితాలలోనూ కనబడిన అంశంతోనే మొదలుపెట్టాలి. ఉదాహరణకు, ఫొటోలలో మోచేతుల దాకా చేతులున్న బ్లౌజులు మీకు నచ్చుతున్నాయనీ, బీరువాలోనూ అలాంటి చేతులున్న కుర్తాలనే మీరు ఎక్కువగా తీస్తున్నారనీ తేలితే, ఇకపై కుట్టించుకునే ప్రతిదానికీ ఆ కొలత ఖాయం చేసుకోవచ్చు. రంగు మారవచ్చు, బట్ట మారవచ్చు, ఆ చెయ్యి మాత్రం మీది.

ఏళ్ల తరబడి బాగా కట్టుకుంటారని పేరు తెచ్చుకున్న వాళ్లను గమనిస్తే ఈ స్థిరత్వమే కనిపిస్తుంది. రేఖ ఏ వేడుకకు వచ్చినా చాలావరకు కాంచీపురం పట్టుచీరలోనే కనిపిస్తారు. విద్యాబాలన్ ఒక దశలో డిజైనర్ సబ్యసాచి ముఖర్జీ చీరలనూ, పొడవు చేతుల బ్లౌజులనూ తన గుర్తుగా చేసుకుని, 2013లో కాన్ చిత్రోత్సవానికి జ్యూరీ సభ్యురాలిగా వెళ్లినప్పుడు కూడా ఆ పద్ధతిని వదలలేదు. మన దగ్గర 1970లలో వాణిశ్రీ కొప్పును చూసి ఎన్ని ఇళ్లలో అద్దాల ముందు జుట్టు పైకి దువ్వారో మీ అమ్మమ్మగారిని అడిగితే చెబుతారు. ఈ ముగ్గురూ అన్నీ ప్రయత్నించి అన్నీ నిలబెట్టుకున్నవారు కారు. రెండు మూడు విషయాలు తమవని తేల్చుకుని, మిగతావాటిని ఇతరులకు వదిలేసినవారు. వాళ్ల దగ్గర నుంచి మనం తీసుకోవలసింది చీర కన్నా ముందు ఈ తేల్చుకోవడాన్ని.

రంగు గురించి ఒక్క మాట. ఫొటోలోని రంగును నమ్మకండి, దుకాణం లోపలి దీపాల కింద కనబడే రంగును అంతకన్నా నమ్మకండి. బట్టను వాకిట్లోకి తెచ్చి, పగటి వెలుతురులో మెడ దగ్గర పట్టుకుని చూసుకోండి. మొహమాటపడకుండా అడిగితే ఏ దుకాణదారూ కాదనరు.

ప్రశ్న: ఫిబ్రవరిలో నా పెళ్లి. అనుష్కా శర్మ పెళ్లిలో వేసుకున్న లేత గులాబీ రంగు లెహంగా లాంటిది రిసెప్షన్‌కు కావాలని ఎప్పటినుంచో కోరిక. విజయవాడలో ఒక దుకాణంవారు అచ్చం అలాగే కుట్టిస్తామంటున్నారు. అమ్మకు ఇష్టం లేదు, డబ్బు దండగ అంటోంది.
- కాబోయే పెళ్లికూతురు, తెనాలి

జవాబు: 2017 డిసెంబరులో ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో జరిగిన ఆ పెళ్లి ఫొటోలు వచ్చాక, ఎర్ర లెహంగా తప్ప మరొకటి ఊహించని ఉత్తరాది పెళ్లికూతుళ్లు కూడా లేత రంగులవైపు తిరిగారు. ఆ లెహంగా అంత అందంగా కనబడడానికి సబ్యసాచి బృందం చేతి పని ఎంత కారణమో, అక్కడి వెలుతురు కూడా అంతే కారణం. అది చలికాలం, ఆరుబయట, పగటిపూట తీసిన ఫొటో. లేత గులాబీ మీద వెండి, బంగారు తీగ, ముత్యాలు ఆ మెత్తటి వెలుతురులో ఒక్కొక్కటిగా తెలుస్తాయి. మీ రిసెప్షన్ రాత్రిపూట, కల్యాణమండపంలో, వేదిక మీద రంగులు మారే ఎల్ఈడీ దీపాల మధ్య జరుగుతుంది. అక్కడ లేత గులాబీ ఒక నిమిషం తెల్లగా, మరో నిమిషం నీలంగా కనబడి, దాని మీది సన్నపని ఎవరి కంటా పడకుండా పోతుంది.

ఇక 'అచ్చం అలాగే' అనే మాట సంగతి. నకలులో సాధారణంగా వచ్చేది రంగూ, నమూనా మాత్రమే. నెలల తరబడి చేత్తో వేసిన పని స్థానంలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వస్తుంది, కుట్టవలసిన రాళ్లను జిగురుతో అంటిస్తారు, బట్ట బరువుతో రావలసిన ఘేరును, అంటే కింది వెడల్పును, లోపల క్యాన్‌క్యాన్ అనే గట్టి వలబట్ట పొరలు పెట్టి తెప్పిస్తారు. దుకాణానికి వెళ్లినప్పుడు ఆ లెహంగాను తిరగేసి లోపలి వైపు చూపించమని అడగండి. తిరగేసి చూస్తే దారాలు ఒకే తీరుగా, వెనక తెల్లటి కాగితం లాంటి పొర అంటుకుని ఉంటే అది యంత్రం పని. యంత్రం పని కొనకూడదని కాదు. చేతిపని ధర మాత్రం దానికి ఇవ్వకూడదు.

మీ కోరికను వదులుకోమని నేను చెప్పను. ఆ లెహంగాలో మిమ్మల్ని పట్టి ఉంచినది ఒకే రంగు మీద అదే రంగు పని, అంటే మెరుపు ఉండీ కేకలు వెయ్యని ఆ నిగ్రహం అని నాకు అనిపిస్తోంది. అది చీరలోనూ సాధ్యమే. లేత గులాబీకన్నా కాస్త ముదురుగా, తామరపువ్వు రేకు రంగులో, నేసేటప్పుడే నమూనాను చేత్తో అల్లే ఉప్పాడ జాందానీ పట్టు తీసుకుని, అదే రంగు రా సిల్కు మీద మగ్గం వర్కు బ్లౌజు చేయించుకుంటే, రాత్రి దీపాలలోనూ నిలబడుతుంది. రేపు మీ తోడికోడలి సీమంతానికీ, చెల్లెలి పెళ్లికీ కూడా కట్టుకోగలుగుతారు. మీ అమ్మగారు దండగ అన్నది బహుశా ఒక్కసారితో మూలపడే బట్టను గురించే. 2022 ఏప్రిల్‌లో తన పెళ్లికి కట్టుకున్న సబ్యసాచి చీరనే ఆలియా భట్ 2023 అక్టోబరులో జాతీయ చలనచిత్ర పురస్కారం అందుకోవడానికి మళ్లీ కట్టుకుని వెళ్లారు. తారల నుంచి నేర్చుకోదగిన విషయాలలో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇది.

మగ్గం వర్కు చేయించేటప్పుడు పని వరుస తప్పకూడదు. చెక్క చట్రానికి బిగించిన బట్ట మీద, కొక్కెం ఉన్న ఆరీ సూదితో పై నుంచి గుచ్చి, కింద చేత్తో అందించే దారాన్ని పైకి లాగుతూ గొలుసులాగా వేస్తారు. ఆ పని మెడ చుట్టూ, చేతి అంచుల చుట్టూ వస్తుంది కాబట్టి మెడ ఆకారం, లోతు, చేతి పొడవు అన్నీ బట్ట మగ్గం ఎక్కకముందే తేలిపోవాలి. మీ ఆది జాకెట్టు ఇచ్చి, కుట్టబోయే దర్జీ చేతనే బట్ట మీద గీతలు గీయించి, ఆ తరువాతే వర్కుకు పంపండి. పని అయిపోయాక మెడ కాస్త దించుదామంటే కుదరదు. ముత్యాలు, కుందన్లు ఎక్కువగా ఉన్న మెడ బరువుకు కిందికి లాగుతుంది, భుజాల మీద నుంచి జారుతుంది. మంచి దర్జీ భుజాల దగ్గర లైనింగు గట్టిగా వేస్తారు, అడిగి వేయించుకోండి. పెళ్లికి వారం ముందు కాకుండా, కనీసం నెల ముందు బ్లౌజు చేతికి వచ్చేలా చూసుకోండి.

మీ ఊళ్లోనే పుట్టిన శోభితా ధూళిపాళ 2024 డిసెంబరులో తన పెళ్లికి బంగారు జరీ కాంచీపురం పట్టుచీర కట్టుకుని, బాసికంతో, నిండైన సంప్రదాయ నగలతో తెలుగింటి పెళ్లికూతురిగానే కనిపించారు. ఆ ఫొటోలను కూడా ఒకసారి, మొదటి జవాబులో చెప్పినట్టు, ముఖం మీద వేలు అడ్డం పెట్టి చూడండి. మీ మనసు ఎటు మొగ్గుతుందో అప్పుడు తేల్చుకోవచ్చు.

ప్రశ్న: నాకు యాభై దాటాయి. ఉపాధ్యాయురాలిని. టీవీలో ఒక నటి వేసుకున్న హైనెక్, పొడవు చేతుల బ్లౌజు చాలా నచ్చింది. ఈ వయసులో ఇదేం సరదా అంటారేమోనని వెనకాడుతున్నాను.
- ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అనేవాళ్లు రెండు రోజులు అంటారు, మూడో రోజు ఎవరి దగ్గర కుట్టించారని అడుగుతారు. నిస్సంకోచంగా కుట్టించుకోండి. మీ వృత్తిని బట్టి రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. మీరు బోర్డు మీద రాయడానికి రోజంతా చెయ్యి ఎత్తుతారు. పొడవు చేతుల బ్లౌజుకు చంక కిందికి దించి కత్తిరిస్తే చెయ్యి ఎత్తినప్పుడల్లా బ్లౌజు మొత్తం పైకి లేస్తుంది. చంకను పైకి, ఒంటికి దగ్గరగా కత్తిరించమని చెప్పాలి. చెయ్యి వదులుగా ఉంటే హాయిగా ఉంటుందని చాలామంది చంకను దించమంటారు, జరిగేది దానికి వ్యతిరేకం. రెండోది, ఆ నటికి వెనక బొత్తాలు పెట్టడానికి పక్కన మనిషి ఉంటారు. మీకు పొద్దున బడి హడావుడిలో ఉండరు. ముందు హుక్కులో, పక్కన జిప్పో పెట్టించుకోండి. కరీంనగర్ ఎండలకు మంగళగిరి నూలు బట్ట తీసుకుని, కుట్టేముందు తడిపి ఆరబెట్టండి. తడపని నూలు మొదటి ఉతుకుకే మెడ దగ్గర బిగుసుకుంటుంది.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. మే నెలలో రాజమహేంద్రవరంలో నా పెళ్లి. ఆస్కార్ వేడుకలో జూనియర్ ఎన్టీఆర్, రామ్‌చరణ్ వేసుకున్నలాంటి నల్ల బంద్‌గలా కుట్టించుకోవాలని ఉంది. సలహా ఇవ్వగలరు.
- ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చిన ఆ రాత్రి, 2023 మార్చి 12న, ఎన్టీఆర్ గౌరవ్ గుప్తా రూపొందించిన నల్లటి వెల్వెట్ బంద్‌గలాలో, భుజం మీద బంగారు దారంతో కుట్టిన పులితో కనిపించారు. రామ్‌చరణ్ శాంతను అండ్ నిఖిల్ వారి నల్ల దుస్తులు వేసుకున్నారు. ప్రపంచమంతా టక్సీడోలలో వచ్చిన చోటికి మనవాళ్లు మెడ మూసిన మన కోటులో వెళ్లడం చూసి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ తగ్గలేదు. అయితే అది లాస్ ఏంజిలిస్‌లో, చల్లని హాలులో. మే నెలలో గోదావరి ఒడ్డున వెల్వెట్ వేసుకుంటే పీటల మీద కూర్చునే ఓపిక ఉండదు.

ఆ వేషంలో మీరు తీసుకోవలసినవి రెండు: మూసిన మెడ, ఒకే ఒక్క అలంకారం. ఎన్టీఆర్ కోటు మీద కళ్లన్నీ ఆ పులి దగ్గరికే వెళ్లాయి. మీరు కోటును రిసెప్షన్‌కు మాత్రమే ఉంచుకుని, వెల్వెట్ బదులు పోచంపల్లి ప్రాంతంలో నేసే ముదురు నీలం ఇక్కత్ పట్టుతోనో, మట్కా పట్టుతోనో కుట్టించుకోండి. బట్టలోనే నమూనా ఉంది కాబట్టి ఎంబ్రాయిడరీ అక్కర్లేదు. కొలతల దగ్గర గట్టిగా ఉండండి: భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర ఆగాలి, కాలరుకూ మెడకూ మధ్య ఒక వేలు దూరాలి, చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ముగియాలి. భుజం తప్పుగా కుదిరితే తరువాత సరిచెయ్యడం దాదాపు అసాధ్యం. అందుకే వీడియో కాల్‌లో కొలతలిచ్చి పెళ్లికి రెండు రోజుల ముందు దిగడం మంచిది కాదు. అక్కడే నమ్మకమైన దర్జీ చేత కొలతలు రాయించి పంపి, పెళ్లికి పది రోజుల ముందైనా వచ్చి ఒకసారి వేసి చూసుకోండి.

ముహూర్తానికి మాత్రం పంచే కట్టుకోండి. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకి, శుభ్రం చేసి, చేత్తో సన్ననూలు వడికి ఖాదీ నేస్తున్నారు. ఆ ఎముకకున్న సన్నటి పళ్ల వరుస పత్తిలోని చెత్తనంతా దువ్వి తీసేస్తుంది. అంత సన్నని పంచె ఎండలో ఒంటి మీద ఉన్నట్టే ఉండదు. గోచీ పెట్టి కట్టడానికి సుమారు నాలుగు మీటర్ల పంచె కావాలి. కట్టడం రాకపోతే ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర నాలుగు రోజులు ముందుగా నేర్చుకోండి. వెల్క్రో అంటించిన రెడీమేడ్ పంచెలు నాకు నచ్చవు. కూర్చున్నప్పుడు వాటి మడత పడదు, బిగుసుకుపోయినట్టు కనిపిస్తుంది.

ప్రశ్న: ఒక నటి కట్టుకున్న ఇక్కత్ చీర చూసి, ఆన్‌లైన్‌లో 'డిజైనర్ ఇక్కత్' అని ఉన్న చీర తెప్పించుకున్నాను. తీరా చూస్తే నేసిన బట్ట మీద ముద్రించిన అద్దకం. ముందే తెలుసుకోవడం ఎలా?
- ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: మీ ఊరి నుంచి బయలుదేరితే కొన్ని గంటలలో పోచంపల్లి మగ్గాల దగ్గరికి చేరవచ్చు, కాబట్టి మొదటి సలహా ఒకసారి వెళ్లి కళ్లారా చూడమనే. ఇక్కత్‌ను మన నేతగాళ్లు చిట్కి అంటారు. ఆ పనిలో రంగు బట్టకు వెయ్యరు, నూలుకు వేస్తారు. లెక్క ప్రకారం నూలును కట్టలుగా సాచి, రంగు అంటకూడని చోట గట్టిగా కట్లు కట్టి, అద్ది, ఆరబెట్టి, కట్లు విప్పి, మరో రంగుకు మళ్లీ కట్టి, అంతా అయ్యాకే మగ్గం మీదికి ఎక్కిస్తారు. నేసేటప్పుడు దారాలు వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడం వల్ల నమూనా అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, కాస్త పొగ ఆడినట్టు చెదురుతాయి. రంగు దారంలోనే ఉంది కాబట్టి బట్ట రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. అద్దకం చీరలో వెనక వైపు రంగు వెలిసినట్టు ఉంటుంది, అంచులు మరీ పదునుగా ఉంటాయి. చీర చివర ఒక దారం పీకి చూస్తే ఇంకా తేలిక: ఇక్కత్ దారం మీద ముక్కముక్కగా రంగులు మారుతూ ఉంటాయి, అదీ దారం లోపలి దాకా పట్టి ఉంటాయి.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు వెనకవైపు ఫొటో పంపమని అడగండి, పంపకపోతే కొనకండి. చేనేత గుర్తు, పట్టైతే సిల్క్ మార్క్ ఉన్నాయేమో చూడండి. మగ్గం మీద బట్ట ముడుచుకోకుండా వెడల్పుగా పట్టి ఉంచే కర్రకు రెండు కొసలా ముళ్లుంటాయి, వాటి గుర్తులు చేనేత చీర అంచుల వెంట సన్నటి రంధ్రాలుగా చాలాసార్లు కనబడతాయి. కొందరు అది లోపమనుకుని చీర తిప్పి పంపుతారు, పంపకండి. 'డిజైనర్' అన్న మాటకు ఏ ముద్రా లేదు, ఎవరైనా వాడుకోవచ్చు.

నిజంగా నేతగాళ్లతో కలిసి పని చేసే డిజైనర్ల బట్టలను చూసి కన్ను అలవాటు చేసుకోవడం కూడా మంచిదే. హైదరాబాద్‌కు చెందిన గౌరంగ్ షా జాందానీ నేతను ఎన్నో రాష్ట్రాల మగ్గాల మీదికి తీసుకెళ్లారు, రాజా రవివర్మ చిత్రాలను ఖాదీ చీరల మీద నేయించారు. 'మహానటి' చిత్రానికి దుస్తుల రూపకల్పనలో ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులతో కలిసి ఆయన జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆ చీరలు కొనడం మనలో చాలామందికి సాధ్యం కాదు. వాటిలో అంచు రంగుకూ చీర మధ్యభాగం రంగుకూ జత ఎలా కుదిర్చారో చూసి, అదే జంటను గద్వాల నూలు చీరలోనో, నారాయణపేట చీరలోనో వెతుక్కోవడం మాత్రం అందరికీ సాధ్యమే.

ప్రశ్న: ఇంటి దగ్గరే బ్లౌజులు కుడతాను. ఈమధ్య వచ్చేవాళ్లందరూ ఫోన్‌లో తారల ఫొటో చూపించి 'ఇదే కావాలి' అంటున్నారు. ఎంత శ్రద్ధగా కుట్టినా ఫొటోలోలాగా లేదని గొడవ. కూలి కూడా సగం ఎగ్గొడుతున్నారు.
- ఒక దర్జీ, నరసరావుపేట

జవాబు: ఈ పేజీలో పైన ఇచ్చిన సలహాలన్నీ చివరికి మీలాంటివారి చేతుల మీదుగానే నిజం కావాలి, అందుకే మీ ఉత్తరానికి జవాబు రాయడం నాకు ముఖ్యం. ఫొటో చూపించగానే ఒప్పుకోకండి, వెంటనే కాదనకండి. 'ఇందులో మీకు ఏది నచ్చింది, మెడా, చెయ్యా, వెనకవైపా?' అని అడగండి. చాలామందికి ఒక్కటే నచ్చి ఉంటుంది, ఆ ఒక్కటి ఏదో వాళ్లూ అప్పుడే తెలుసుకుంటారు. మిగతాదంతా వాళ్ల ఆది జాకెట్టు ప్రకారమే కుడతానని చెప్పండి. ఫొటోలో ఉన్నది వీపంతా తెరిచిన బ్లౌజైతే, అది జారకుండా నిలబడడానికి లోపల కప్పులు కుట్టి, అంటించే టేపు వాడతారని, ఇంట్లో పిల్లను ఎత్తుకుని తిరిగేటప్పుడు అది నిలవదని ముందే చెప్పండి. వాళ్లు తెచ్చిన బట్ట పలుచటి జార్జెట్టై, ఫొటోలోది గట్టి రా సిల్కైతే, రెండు బట్టల ముక్కలూ వాళ్ల చేతికిచ్చి పట్టుకుని చూడమనండి. మాటలతో నమ్మనివాళ్లు చేతికి తగిలితే నమ్ముతారు.

ఖరీదైన బట్టను కత్తిరించే ముందు పాత దుప్పటి గుడ్డతో ఒక నమూనా కుట్టి తొడిగి చూడండి. దానికి వేరుగా కూలి చెప్పండి. ఇస్తారు, ఎందుకంటే మూడు వేల రూపాయల బట్ట పాడవడం కన్నా అది చవక. మెడ లోతు, వెనక లోతు, చేతి పొడవు అంగుళాలలో రసీదు మీద రాసి, పక్కన వాళ్ల చేత సంతకం పెట్టించుకుని, సగం కూలి ముందే తీసుకోండి. పక్క కుట్లలో రెండు వైపులా అంగుళం చొప్పున బట్ట వదిలేసి ఉంచితే, బిగుతైందని తిరిగి వచ్చినప్పుడు పది నిమిషాలలో సరిచేసి ఇవ్వగలుగుతారు.

ఇంకొకటి, మీరు కుట్టిన బ్లౌజు కుదిరిన రోజున, వేసుకున్నావిడ అనుమతితో ముఖం రాకుండా ఒక ఫొటో తీసి పెట్టుకోండి. నరసరావుపేట ఎండలో, మామూలు మనిషి ఒంటి మీద, మీ చేతి కుట్టు ఎలా ఉంటుందో చూపించే అలాంటి ఫొటోలు ఓ పాతిక పోగైతే, వచ్చినవాళ్లు తమ ఫోన్ పక్కన పెట్టి ముందు మీ ఆల్బమే చూస్తారు. ధర కూడా అప్పుడు మీరే చెప్పగలుగుతారు.